మా 42 గజాలు ఎక్కడున్నాయో చూపించమంటున్నాడు మా నాయిన

తొమ్మిదో_అంతస్తు
కథ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ప్రశ్న చివర్లో ఉంది.

మాది సూర్యాపేట దగ్గర ఊరు. అమ్మ పోయాక నాయినని ఒక్కణ్ణే వదలలేక మొన్న ఉగాదికి హైదరాబాద్ తీసుకొచ్చాను. 73 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకే రోగమూ లేదు. ఊళ్ళో రెండెకరాల పది గుంటలు ఉంటే తెలిసిన మనిషికి కౌలుకిచ్చాం. ఇక్కడ మాది తొమ్మిదో అంతస్తు. మొదటి రెండు నెలలు బాల్కనీలో కూర్చుని క్రేన్లు లెక్కపెట్టాడు.

మిరుగు, అదే మృగశిర కార్తె, దగ్గర పడేసరికి మనిషిలో తేడా వచ్చింది. పొద్దున నాలుగింటికే లేచి మబ్బు చూడటం, ఊరికి ఫోన్ చేసి "పడ్డదా?" అని అడగడం. ఒకరోజు ఫ్లాటు కాగితాలు చూపించమన్నాడు. ఊళ్ళో ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు పాస్ పుస్తకం తీసి చదువుకునే అలవాటుంది కదా అని సేల్ డీడ్ చేతికిచ్చి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి కళ్ళజోడుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఏంరా, మనకు కింద 42 గజాల జాగ ఉన్నదట గద. చెప్పవేంది? హద్దులు సూపియ్."

అది అవిభాజ్య వాటా అని, 180 ఫ్లాట్లకీ కలిపి ఉన్న స్థలమని, ఎవరి ముక్క ఎక్కడుందో చెప్పలేమని నాకు చేతనైనట్టు వివరించాను. అంతా విని "అయితే తూర్పుకి ఎవరిది?" అన్నాడు.

నాలుగు రోజులు ఇదే పంచాయితీ. ఐదో రోజు నేను ఆఫీసులో ఉండగా కిందికి దిగి, పిల్లల పార్కు వెనక ప్రహరీ పక్కన పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు లాన్ గడ్డి లేపేసి గోంగూర, తోటకూర చల్లి రెండు బీర పాదులు పెట్టేశాడు. పార గార్డెనర్ ఇచ్చాడట, ఇద్దరిదీ ఒకటే మండలం. ఇదేంటి నాయినా అంటే "ఎనిమిది గజాలే తీసుకున్న. ఇంక 34 నాకే రావాలె" అన్నాడు.

నెలన్నర ఎవరూ పట్టించుకోలేదు. బీర తీగ ప్రహరీ ఎక్కి పువ్వేశాక కంటపడింది. నిన్న అసోసియేషన్ నోటీసు వచ్చింది. కామన్ ఏరియా ఆక్రమణట, వారంలో లాన్ మళ్ళీ ఎప్పటిలా చేయాలట, లేదంటే 5,000 జరిమానా. నాయిన రాత్రి అన్నం సగంలో లేచాడు, ఊరికి పంపించెయ్యమంటున్నాడు. మా పాప బీర పువ్వులు లెక్కపెట్టుకుంటోంది, అది వేరే ఏడుపు. పీకేయాలా, పోట్లాడాలా?

పల్లేరుకాయ
మీ నాయినకి దండం. సర్వేయర్ లేకుండా, గొలుసు పట్టకుండా ఎనిమిది గజాలు సబ్ డివిజన్ చేసేశాడు.

మిద్దెతోట_అత్తయ్య
పీకకండి. పువ్వు మీదున్న పాదుని పీకడానికి చెయ్యెలా వస్తుంది! ముందు ఒకటి చెప్పండి, ఆ జాగా కింద సెల్లార్ ఉందా, అసలు నేలేనా? మిగతాదంతా దాన్నిబట్టి ఉంటుంది.

సెక్రటరీ_బాధలు
నేను వేరే అపార్ట్‌మెంట్‌కి మూడేళ్ళుగా సెక్రటరీని. తిట్టేవాళ్ళు వరసలో రండి.

నోటీసు భాష బాగాలేదు, ఒప్పుకుంటా. పెద్దాయనకి "ఆక్రమణ" అని రాయకూడదు. కానీ వాళ్ళ భయం ఉత్తది కాదు. ఇప్పటి పెద్ద అపార్ట్‌మెంట్లలో లాన్ అనేది చాలావరకు సెల్లార్ శ్లాబు మీద పోసిన అడుగున్నర, రెండడుగుల మట్టి. దాని కింద వాటర్‌ప్రూఫింగ్ పొర. గునపం తగిలి ఆ పొర చిరిగిందంటే వానాకాలమంతా కింద కార్ల మీద సున్నపు నీళ్ళు కారతాయి. మా దగ్గర ఒకాయన "కరివేపాకేగా" అని పెట్టాడు. మూడేళ్ళకి డ్రెయిన్ పైపు మూసుకుపోతే తవ్వి చూశాం, వేరు పైపులో జడలా అల్లుకుని ఉంది. బాగుచేయించిన ఖర్చు అందరి మీదా పడింది.

రెండోది, ఒకరికి ఊ అంటే రేపు ఒకరు తులసికోట కడతారు, ఒకరు కుక్కకి గూడు పెడతారు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలంలో వాటా ఉంటుంది గానీ దాన్ని విడగొట్టి పంచుకోవడానికి లేదు. 42 గజాలు మీ నాన్నగారివే. ఏ 42 అంటే మాత్రం దేవుడు కూడా చూపించలేడు.

ఎర్రచెల్క
@సెక్రటరీ_బాధలు లాన్ కూడా పంటే కదా సార్? నీళ్ళు పెడతారు, ఎరువేస్తారు, కోస్తారు. తేడా ఏంటంటే ఎవరూ తినరు. మేకైనా తినదు, గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి.

సెక్రటరీ_బాధలు
@ఎర్రచెల్క నవ్వొచ్చింది గానీ, లాన్‌కి మేం పెట్టేది ఎస్‌టీపీ నీళ్ళు. అంటే అన్ని ఇళ్ళ మురుగు శుద్ధి చేసినవి. గడ్డికి పర్లేదు. అదే స్ప్రింక్లర్ తోటకూర మీద పడితే మీరు పప్పులో వేసుకుంటారా?

మిద్దెతోట_అత్తయ్య
సెక్రటరీగారు చెప్పిన ఆ ఒక్క మాటా అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆకుకూరలకి ఎస్‌టీపీ నీళ్ళు వద్దు. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు కూడా రోజూ పోయకండి, ఉప్పు పేరుకుని మట్టి పాడైపోతుంది. వానా కాలం కదా, ఒక డ్రమ్ము పెట్టి పట్టుకుంటే ఆ కాస్త జాగాకి సరిపోతుంది.

తొమ్మిదో_అంతస్తు
అత్తయ్యగారూ, సెల్లార్ ఉంది. అది కూడా ఒక కథే.

బీరపాదు కోసం లోతు తీస్తుంటే రెండడుగుల్లో పార టంగుమందట. నాయిన బండ అనుకుని పక్కన తవ్వాడు, అక్కడా టంగుమంది. గార్డెనర్ అప్పుడు చెప్పాడు, దీని కింద కార్లుంటాయి పెద్దయ్యా అని. పైకొచ్చి ఆ పూటంతా మాట్లాడలేదు. రాత్రి మాత్రం "అది భూమి కాదురా, గంపల పోసిన మన్ను" అన్నాడు. పొద్దున్నే మళ్ళీ తనే "గంపలైనా గోంగూర అయితది" అని దిగిపోయాడు.

కూలోళ్ళ_పిల్ల
అందరూ పెద్దాయన్ని ముద్దు చేస్తున్నారు కాబట్టి నేను కొంచెం చెడ్డదాన్ని అవుతాను.

మాదీ నల్లగొండ వైపే. మా అమ్మ నలభై ఏళ్ళు నాట్లకీ కలుపులకీ పోయింది. ఊరి చుట్టూ ఏ చెలకలో ఎక్కడ పల్లేర్లుంటాయో, ఏ మడిలో జలగలుంటాయో, ఏ గెట్టు మీద పాముపుట్ట ఉందో కళ్ళు మూసుకుని చెప్తుంది. అందులో ఒక్క గుంట ఆమెది కాదు. మట్టితో బంధం, మట్టి వాసన అని పట్నంలో ఎవరైనా మొదలుపెడితే నాకు మా అమ్మ నడుం గుర్తొస్తుంది. బంధం ఉండాలంటే ముందు భూమి ఉండాలి కదండీ. 1951 ఏప్రిల్‌లో మా జిల్లా పోచంపల్లిలోనే 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని వినోబా భావేని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలిచ్చారు. దేశమంతా భూదాన పాదయాత్ర నడిచింది. ఆ గాలి మా తాత దాకా రాలేదు.

మీ నాయిన రెండెకరాల పది గుంటల్లో నాట్లు వేసింది ఎవరు, కలుపు తీసింది ఎవరు? వాళ్ళు ఏ అపార్ట్‌మెంట్ లాన్‌లో ఏ ఎనిమిది గజాలు అడగాలి? మీ అపార్ట్‌మెంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆమెకీ ఊళ్ళో పెరడు ఉండి ఉంటుంది. ఆమె రెండు విత్తులు చల్లి ఉంటే నోటీసు ఇచ్చేవాళ్ళా, పనిలోంచి తీసేసేవాళ్ళా?

కోపంతో అనట్లేదు. పెద్దాయన బీర కాయాలనే నాకూ ఉంది.

పల్లేరుకాయ
ఇక్కడ జోకు వేయబోయి ఆగాను.

సెక్రటరీ_బాధలు
@కూలోళ్ళ_పిల్ల చివరి ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, తీసేసేవాళ్ళం.

తొమ్మిదో_అంతస్తు
@కూలోళ్ళ_పిల్ల మీ పోస్టు నాయినకి చదివి వినిపించాను. మొదట గింజుకున్నాడు, "నేను గూడ వంగిన, నాకేమన్న జీతగాళ్ళున్నరా" అని. కాసేపటికి, మా పొలంలో ఎప్పుడూ ముందు వరసలో నాటేసే ఒక పెద్దమ్మ ఉండేది, ఆమె పేరు తలుచుకుని "అది ఉంటే ఈ తోటకూర ఇంత ఒత్తుగ చల్లనిచ్చేది గాదు" అన్నాడు. మీ ప్రశ్నకి ఇది జవాబు కాదని నాకు తెలుసు.

జొన్నకంకి
జహీరాబాద్ వైపు ఎవరైనా పాత పంటల జాతర చూశారా? సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు ఎడ్ల బండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. నడిపించేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్ళే. ఎకరమో రెండెకరాలో ఎర్ర చెలక, అందులోనే జొన్న, సామ, కొర్ర, కంది, అనుములు, పుంటికూర అన్నీ కలిపి చల్లుతారు. వాన ఎగ్గొడితే ఒకటి పోతుంది, ఇంకోటి నిలబడుతుంది. 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుతున్నారు. ఆ ఇళ్ళల్లో విత్తనాల కుండ మీద చెయ్యి వేసే అధికారం ఆడమనిషికే. నేను చెప్పేదేంటంటే @కూలోళ్ళ_పిల్ల అన్నది నిజం. చారెడు భూమి చేతికొచ్చిన చోట ఆ కథే వేరుగా ఉంది.

సగంమట్టి_యూకే
మీ నాన్నగారు ఇక్కడ పుట్టి ఉంటే ఈ గొడవే లేదు. ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ అని ఉంటుంది. ఊరి కౌన్సిల్ వాళ్ళ స్థలాన్ని మడులుగా విడగొట్టి ఊళ్ళో వాళ్ళకి అద్దెకిస్తారు. 1908లో చేసిన చట్టం, జనం అడిగితే కౌన్సిల్ చూపించాలి. నిండు మడి అంటే పాత కొలతలో పది రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు. మా నాన్న ఫోన్లో లెక్క కట్టి చెప్పారు, సరిగ్గా రెండున్నర గుంటలట! ఆ మాట విన్నాక నాకు అది మా ఊరి మడిలాగే కనిపిస్తోంది.

నేను ఏడాదికి 60 పౌండ్లు కడతాను. నాలుగేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక దొరికింది. తోటకూర, మెంతికూర బయట వస్తాయి. గోంగూరకి మాత్రం ప్లాస్టిక్ గుడారం కింద రాజభోగాలు చెయ్యాలి, అయినా అలుగుతుంది. పక్క మడి ముసలాయనది లీక్స్, నాది సొరకాయ, గట్టు దగ్గర మార్చుకుంటాం. సాగు చేయకుండా బీడు పెడితే కమిటీ ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంటుంది. అంటే ఇక్కడ నోటీసు బీడు పెట్టినవాళ్ళకి, అక్కడ సాగు చేసినవాళ్ళకి.

పల్లేరుకాయ
1908లో వాళ్ళు తోటకూర మడులకి చట్టం చేసుకుంటున్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగితే మనవాళ్ళు అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి కూర్చున్నారు. 150 మంది దాకా ఆ ఒక్క చెట్టు మీద బతికారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉంది, వెళ్ళి చూడండి. ఇప్పటి అసోసియేషన్ అయితే "అనుమతి లేకుండా కామన్ ఏరియా చెట్టు ఎక్కినందుకు" అని నోటీసిచ్చేది.

మర్రినీడ
చెట్ల మాట వచ్చింది కాబట్టి. నేను రోజూ చేవెళ్ల వైపు బండి మీద పోయేవాణ్ణి. ఆ రోడ్డు మీద 900 దాకా మర్రులున్నాయి. రోడ్డు వెడల్పు చేస్తామంటే ఆ గొడవ ఏళ్ళ తరబడి గ్రీన్ ట్రిబ్యునల్లో నలిగింది. చెట్లు కావాలని ప్లకార్డులు పట్టింది ఎక్కువగా పట్నం వాళ్ళు. రోడ్డు కావాలన్నది మా ఊళ్ళ వాళ్ళు, ఎందుకంటే ఆ ఇరుకులో గుద్దుకుని చచ్చేది మేమే. ఒకాయన నన్ను "మీకు ప్రకృతి మీద ప్రేమ లేదా" అని అడిగాడు. ఆ మర్రి కింద మా తాత ఎడ్లని విప్పి కట్టేవాడు, నేను బస్సు కోసం నిలబడేవాణ్ణి. ప్రేమ లేకేం. ఆయన ఆదివారం కెమెరా పట్టుకుని వస్తాడు, నేను రాత్రి పదింటికి హెల్మెట్ పెట్టుకుని వస్తాను. చెట్టు ఒకటే గానీ మేమిద్దరం చూసేది ఒకటే కాదు.

ఎర్రచెల్క
@మర్రినీడ అన్న చెప్పిందానికి నాది కూడా కలుపుతా. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ప్రకృతి ఒడిలో ఉన్నారని పట్నం వాళ్ళ నమ్మకం. నేను ఊళ్ళోనే ఉంటాను, చెప్తా వినండి.

మా ఊరికి కూరగాయలు ట్రాలీ ఆటోలో వస్తాయి. మైకులో టమాట ధర చెప్తాడు, రైతులే బయటికొచ్చి కొంటారు. పెరళ్ళు సిమెంటు చేయించాం, బురద అవుతోందని. ఊరు మొత్తం మీద ఎడ్లు రెండు జతలు. ఏరువాక పున్నమికి ట్రాక్టరుకి బొట్టు పెడుతున్నాం, దానికేం తెలుసు పాపం. అన్నిటికంటే సిగ్గేసేది బతుకమ్మప్పుడు. గునుగు పువ్వు చెలకల నిండా తెల్లగా ఊగేది, పిల్లలం సంచులతో కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు పత్తిలో గడ్డి మందు కొట్టి కొట్టి గెట్ల మీద కూడా లేదు. పోయినేడు మా చెల్లె సూర్యాపేట అంగట్లో గునుగు కట్ట కొనుక్కొని పల్లెకి తెచ్చింది. ఊరి నుంచి పట్నానికి పోవాల్సిన పువ్వు.

కూలోళ్ళ_పిల్ల
@ఎర్రచెల్క గడ్డి మందు సంగతి ఎత్తారు కాబట్టి ఇంకోటి. కలుపుకి పోయినప్పుడు మా అమ్మ ఒడి నింపుకుని వచ్చేది. పొన్నగంటి, పాయలి, చెంచలి, గలిజేరు, తుమ్మి. ఆసామికి అది కలుపు, మాకు రాత్రి కూర. ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. భూమి లేనివాళ్ళకి భూమి మీద ఉన్న హక్కు అదొక్కటే అనుకుంటా. పురుషులు ట్యాంకు వీపున వేసుకుని ఒక్క పూటలో మందు కొట్టేస్తున్నారు, పదిమంది ఆడవాళ్ళ నాలుగు రోజుల కూలి పోయింది, దాంతోపాటు కూర కూడా పోయింది. వినాయక చవితికి తుమ్మికూర తినాలని మా దగ్గర పట్టింపు కదా, పోయినేడు కూకట్‌పల్లి రైతుబజార్లో గుప్పెడు ఇరవై రూపాయలకి కొన్నాను. అమ్మకి ధర చెప్తే నమ్మలేదు.

కౌలుకార్డు
తెనాలి దగ్గర పదకొండేళ్ళుగా కౌలు చేస్తున్నాను, మూడెకరాలు. పొలం ఆయనది హైదరాబాదులో ఉంటారు, మంచి మనిషే. సంక్రాంతికి కుటుంబంతో వచ్చి గట్టు మీద ఫోటోలు దిగుతారు. ఫోటో తీసేది నేనే.

ఏ మూల చౌడు ఉందో, ఏ వానకి ఎక్కడ గండి పడుతుందో, ఎలుక బొరియలు ఏ గట్టుకి ఎక్కువో నాకు తెలుసు. ఆయనకి సర్వే నంబరు తెలుసు. తుఫానుకి చేను పడిపోతే పరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగేది సర్వే నంబరే. ఆంధ్రాలో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం సాగుదారు కార్డు రావాలంటే యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కౌలుదారు పేరు కాగితం మీదకి ఎక్కితే పొలం పోతుందేమోనని ఆయన భయం. పోదని ఆ చట్టంలోనే ఉంది. చెప్తే నవ్వి "చూద్దాంలే" అంటారు. ఎకరాకి 25 బస్తాల కౌలుకి మాత్రం చూద్దాంలే అనరు.

ఒకరోజు నారు పట్టుకెళ్ళేసరికి పొలంలో హద్దు రాళ్ళు పాతి ఉంటాయి, అమ్మేశారని అప్పుడే తెలుస్తుంది. ఆ భయంతోనే పశువుల ఎరువు ఎక్కువ తోలను. మూడేళ్ళకి ఫలితమిచ్చే పని వచ్చే ఏడాది నాదో కాదో తెలియని నేలకి ఎవరు చేస్తారు?

తొమ్మిదో_అంతస్తు గారూ, మీ కౌలుదారుతో రాత ఉందా, నోటి మాటేనా?

తొమ్మిదో_అంతస్తు
@కౌలుకార్డు నోటి మాటే. దొరికిపోయాను.

సందేహాలరావు
అసలు టాపిక్ బీరకాయ కదా, చట్టాల్లోకి పోయాం.

పల్లేరుకాయ
@సందేహాలరావు బీరతీగ అంతే గురూ, ఎటు పందిరి ఉంటే అటు పాకుతుంది.

పనసచెట్టు
టాపిక్ మారలేదు, పెద్దాయన అడుగుతున్నదీ హద్దులే. మాది పాడేరు ఏజెన్సీ. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి మా సాగులో ఉన్నట్టు సాక్ష్యం కావాలన్నారు. కాగితం ఎక్కణ్ణించి వస్తుంది? మా నాన్న వాళ్ళని కొండెక్కించి తాత నాటిన పనసచెట్టు చూపించాడు, దాని పక్కన తాత సమాధి చూపించాడు. వచ్చినాయన చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగి, "దీని జిరాక్స్ ఎలా తీయమంటావయ్యా" అని నవ్వాడట. నిజానికి రూల్స్‌లో పెద్దల మాట, పాత బావులు, సమాధులు కూడా సాక్ష్యమే. అది మాకు చెప్పినవాళ్ళు లేరు, సంఘం వాళ్ళు వచ్చి చెప్పాక పట్టా వచ్చింది.

ఇంకోటి, మా దగ్గర మామిడి కొత్త పెట్టుకోకుండా ఎవరూ కొత్త కాయ కొరకరు. పిల్లలు దొంగతనంగా తింటే తిట్లు. ఇప్పుడు ఆలోచిస్తే టెంక ముదిరేదాకా చెట్టుని కాపాడే ఏర్పాటు అది. అలా అని ఇక్కడ అందరం దేవతలం కాదు, సంతలో గడ్డి మందు డబ్బా మాకూ దొరుకుతుంది.

మిద్దెతోట_అత్తయ్య
అందరూ మంచి మాటలు చెప్పారు. ఇప్పుడు పని మాట. తొమ్మిదో అంతస్తు బాబూ, నోటీసుకి జవాబు ఇలా రాయి. శ్లాబు మీద తవ్వం, మునగ, బొప్పాయి, కరివేపాకు లాంటి వేరు దిగే చెట్లు పెట్టం, ఎస్‌టీపీ నీళ్ళు వాడం, దోమలు చేరేలా నీళ్ళు నిలవనివ్వం, కాసింది అడిగినవాళ్ళకి ఇస్తాం. అలాగే సెల్లార్ లేని జాగా అపార్ట్‌మెంట్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది, పంపు రూము వెనకో, జనరేటర్ పక్కనో, బిల్డింగుకీ ప్రహరీకీ మధ్య వదిలే సెట్‌బ్యాక్‌లోనో. అది అడుగు, నీ ఒక్కడికే అని కాకుండా పదిమందిని కలుపుకుని. ఒక్కరు అడిగితే ఆక్రమణ, పదిమంది అడిగితే కమిటీ.

ఎరువుకి జీవామృతం చేసుకోండి. అసలు కొలత 200 లీటర్ల నీళ్ళకి పది కేజీల ఆవుపేడ, పది లీటర్ల పంచితం, రెండు కేజీల బెల్లం, రెండు కేజీల శెనగపిండి, గుప్పెడు పుట్టమన్ను. మీకు ఇందులో పదో వంతు చాలు. నీడలో 48 గంటలు, రోజుకి రెండుసార్లు కర్రతో కలపాలి. వాసన వస్తుంది, చెప్పలేదనొద్దు.

సెక్రటరీ_బాధలు
జనరల్ బాడీ మీటింగ్ ముందురోజు మాత్రం పోయొద్దని మనవి. మిగతాదంతా అత్తయ్యగారు రాసినట్టే రాయండి. ఇలాంటి జవాబు నాకు వస్తే కాదనడం కష్టం.

తొమ్మిదో_అంతస్తు
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏం జరిగిందో చెప్పాలి కదా.

అత్తయ్యగారి ఉత్తరం దాదాపు అలాగే రాశాను. సంతకాలకి తిరిగింది నాయిన, మా పాప. నాకు ఎనిమిదేళ్ళుగా తెలియని ఇరుగుపొరుగు వాళ్ళకి పదిరోజుల్లో తెలిశాడు. నాలుగో అంతస్తులో ఒక రిటైర్డ్ టీచరమ్మది కోనసీమ, ఆమెకి కంద దుంపలు పెట్టాలని ఎప్పటి నుంచో ఉందట. మొత్తం పద్నాలుగు ఇళ్ళు. మీటింగ్‌లో రెండు గంటలు వాదించుకున్నారు. ఒకాయన పాములొస్తాయన్నాడు. ఆస్తి విలువ తగ్గుతుందని ఇంకొకాయన. జరిమానా తీసేశారు, బీర కాపు అయ్యేదాకా లాన్ మూల అలాగే ఉంచి తర్వాత ఖాళీ చేయాలి. బదులుగా పంపు హౌస్ వెనక, సెల్లార్ లేని చోట అరవై గజాలిచ్చారు, ఏడాది చూసి మళ్ళీ మాట్లాడతారట. కూలోళ్ళ_పిల్ల గారి ప్రశ్న నేను మీటింగ్‌లో అడిగాను. వాచ్‌మన్ కుటుంబానికీ, ఇంటి పనికి వచ్చేవాళ్ళకీ ఒక మడి ఉండాలని. వాచ్‌మన్‌కి సరే అన్నారు. పనివాళ్ళ సంగతి "తర్వాత చూద్దాం" అన్నారు. కౌలుకార్డు గారి యజమాని భాషే.

ఇంకోటి, ఊరి కౌలుదారుతో ఈసారి కాగితం రాసుకున్నాం. నాయిన గొణిగాడు గానీ అడ్డు పడలేదు.

ఇప్పుడు సమస్య మట్టి. పంపు హౌస్ వెనక తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, టైల్స్ పెంకులు, ఒక చెప్పు. నాయిన గుప్పెడు తీసి నలిపి చూసి, "దీనికంటె ఆ గంపలున్నదే నయం" అన్నాడు. ఏం చెయ్యాలి?

మిద్దెతోట_అత్తయ్య
జల్లెడ పట్టి గడ్డలన్నీ ఏరెయ్యండి. సిమెంటు ఉన్న మట్టిలో ఆకులు పసుపెక్కుతాయి. పైన ఒక అడుగు కొత్త మట్టి వెయ్యాలి, సగం ఎర్రమట్టి, సగం పశువుల ఎరువు. మొదటి పంటగా జనుము చల్లి పూతకి రాగానే మట్టిలో కలిపి తొక్కెయ్యండి. తొందరపడితే కూర రాదు.

ఎర్రచెల్క
చెరువు మట్టి ఒక ట్రాక్టర్ తోలించుకుంటే ఏ ఎరువూ అక్కర్లేదు. ఊళ్ళో ఎండాకాలం పూడిక తీసినప్పుడు పొలాలకి తోలుకుంటాం. ఇప్పుడు చెరువు నిండింది, వచ్చే మే దాకా ఆగాలి. మీ నాయినకి చెప్పండి, ఆయనకి తెలుసు.

తొమ్మిదో_అంతస్తు
చెప్పాను. "మే నెలల నేను పోయి తోలిపిస్త" అంటున్నాడు. ఊరికి పోతాననడం మానలేదు, తిరిగొస్తాననడం కొత్త.

కూలోళ్ళ_పిల్ల
దసరాకి అమ్మ నా దగ్గరకి వస్తోంది. మీకు అభ్యంతరం లేకపోతే ఆ జాగా చూపిస్తాను. ఊరికే చూడటానికే, వంగడానికి కాదు. ఆ మట్టిలో వానకి ఏం మొలిచిందో ముందు చూడమంటోంది. తుమ్మి గానీ గలిజేరు గానీ ఉంటే పీకొద్దని మీ నాయినకి చెప్పండి.

తొమ్మిదో_అంతస్తు
తప్పకుండా రండి. గలిజేరు ఉంది, పంపు హౌస్ గోడ పొడుగునా పాకింది. నాయిన పీకబోతుంటే మీ పోస్టు గుర్తుచేశాను, పార కింద పెట్టాడు.

పల్లేరుకాయ
మరి హద్దుల సంగతి తేలిందా?

తొమ్మిదో_అంతస్తు
తేలింది. నిన్న క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. తూర్పు జనరేటర్ రూము, పడమర ప్రహరీ, ఉత్తరం పంపు హౌస్, దక్షిణం నలుగురు నడిచే దారి. కింద సంతకం పెట్టి తారీఖు వేసి నా సేల్ డీడ్ కవర్లో పెట్టాడు.

సెక్రటరీ_బాధలు
అది రిజిస్ట్రేషన్ కాదని చెప్పారా?

తొమ్మిదో_అంతస్తు
మీరు వచ్చి చెప్పండి సార్.

మిద్దెతోట_అత్తయ్య
అదంతా సరే, లాన్ మూలన ఉన్న బీరకి పండు ఈగ పట్టకుండా ఎర పెట్టారా లేదా? పిందె పసుపు రంగుకి తిరిగి వంకరపోతుంటే ఈగ పొడిచినట్టే. అలాంటివి కోసి అక్కడే పారెయ్యకండి, కవర్లో కట్టి ఎండలో పెట్టండి.